ఋణ పీడన గాయ చికిత్స

ఋణ పీడన గాయ చికిత్స అనగా గాయాన్ని గాలి చొరబడని పలుచని పొరతో మూసి, ఆ పొర క్రింద ఉన్న గాలిని, ద్రవాలను ఒక చిన్న పంపుతో పీల్చివేస్తూ గాయం పూడడానికి తోడ్పడే వైద్య విధానం. ఇంగ్లీషులో దీనిని నెగటివ్ ప్రెషర్ వూండ్ థెరపీ అంటారు. ఈ పద్ధతిలో మొదట విస్తృతంగా వాడుకలోకి వచ్చిన పరికరం పేరు వి.ఎ.సి. కావడం వలన ఆసుపత్రులలో దీనిని "వ్యాక్ పెట్టడం" అనీ, "వ్యాక్ డ్రెస్సింగు" అనీ వ్యవహరిస్తారు.

మధుమేహ రోగుల పాదాలకు శస్త్రచికిత్స చేసిన తరువాత మిగిలే గాయాలు, మంచం పట్టినవారికి వచ్చే పడక పుండ్లు, రోడ్డు ప్రమాదాలలో చర్మం, కండ ఊడిపోయిన గాయాలు, కుట్లు విడిపోయిన శస్త్రచికిత్స గాయాలు మొదలైన వాటికి దీనిని వాడతారు. అయితే ఇది గాయాన్ని దానంతట అదే మాన్పే యంత్రం కాదు. కుళ్ళిన కణజాలాన్ని తొలగించడం, ఆ భాగానికి రక్తప్రసరణ సరిగా ఉందో లేదో చూడడం, సూక్ష్మజీవుల వ్యాప్తిని అదుపు చేయడం అనే మూడు పనులు ముందు జరిగితేనే ఇది ఉపయోగపడుతుంది. అవి జరగని గాయంపై అమర్చితే మేలు కంటే కీడు ఎక్కువగా జరిగే అవకాశం ఉంది.

ఋణ పీడనం అంటే ఏమిటి

"ఋణ" అన్న మాట వలన పీడనం సున్నా కంటే తగ్గిపోతుందని అనుకోరాదు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 760 పాదరస మిల్లీమీటర్లు. ఈ చికిత్సలో గాయం వద్ద ఆ పీడనాన్ని సాధారణంగా 125 మిల్లీమీటర్ల మేర తగ్గిస్తారు. అనగా గాయంపై ఇంకా 635 మిల్లీమీటర్ల పీడనం మిగిలే ఉంటుంది. చుట్టూ ఉన్న పీడనంతో పోల్చినప్పుడు తక్కువ కాబట్టి దీనిని −125 అని వ్రాస్తారు. మొత్తం వాతావరణ పీడనంలో ఇది దాదాపు ఆరవ వంతు.

కొబ్బరి బోండంలో గొట్టం ఉంచి పీల్చినప్పుడు నీరు పైకి రావడానికి కారణం కూడా ఇటువంటి పీడన భేదమే. నోటిలో పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీటిని పైకి నెడుతుంది. గాయంపై కూడా అదే జరుగుతుంది. పొర క్రింద పీడనం తగ్గగానే బయటి గాలి ఆ పొరను, దాని క్రింది స్పంజిని గాయం మీదకు అదుముతుంది. గాయంలో ఊరే రసి గొట్టం గుండా బయటకు పోతుంది.

చరిత్ర

శరీరంపై చూషణను ప్రయోగించడం చాలా ప్రాచీనమైన విషయం. సుశ్రుత సంహితలో చెడు రక్తాన్ని తీయడానికి కొమ్మును, సొరకాయ బుర్రను ఉపయోగించే పద్ధతులు ఉన్నాయి. అయితే వాటి ఉద్దేశం రక్తాన్ని బయటకు తీయడమే కాని, గాయాన్ని పూడ్చడం కాదు. శస్త్రచికిత్స తరువాత లోపల చేరే ద్రవాలను గొట్టంతో పీల్చివేసే పద్ధతి 20వ శతాబ్దంలో స్థిరపడింది. తెరచి ఉన్న గాయం మొత్తాన్ని మూసి, దానిపై సమానంగా చూషణను ప్రయోగించడం ఆ తరువాతి మెట్టు.

1980లలో సోవియట్ యూనియన్ వైద్యులు చీము పట్టిన గాయాలపై ఇటువంటి చూషణను ప్రయోగించి ఫలితాలను రష్యన్ భాషలో ప్రచురించారు. 1989లో అమెరికాలో చారికర్, జెటర్ తదితరులు పొట్టపై గాయంలోకి పేగు రంధ్రం తెరచుకున్న రోగులకు గాజుగుడ్డ, చూషణ గొట్టం, అంటుకునే పొర కలిపి వాడిన పద్ధతిని వివరించారు. 1993లో జర్మనీలో విమ్ ఫ్లైష్‌మన్ బృందం ఎముక విరిగి బయటపడిన 15 మంది రోగుల గాయాలలో స్పంజిని ఉంచి, పైన మూసి, చూషణతో చికిత్స చేసిన ఫలితాలను ప్రకటించింది.

ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రం, విన్‌స్టన్-సేలం నగరంలో ఉన్న వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ అర్జెంటా, మైకేల్ మోరిక్వాస్. వీరు 1997లో ప్లాస్టిక్ శస్త్రచికిత్సకు సంబంధించిన ఒక వైద్య పత్రికలో రెండు వ్యాసాలు ప్రచురించారు. మొదటిది పందులపై చేసిన ప్రయోగాలకు సంబంధించినది. పీడనం 125 మిల్లీమీటర్లు తగ్గినప్పుడు గాయం చుట్టూ రక్తప్రసరణ నాలుగు రెట్లు పెరిగిందనీ, 400 మిల్లీమీటర్లు అంతకు మించితే రక్తప్రసరణ తగ్గిపోయిందనీ వారు గమనించారు. నేటికీ 125 అన్న సంఖ్య ప్రామాణికంగా వాడుకలో ఉండడానికి మూలం ఈ ప్రయోగమే. రెండవ వ్యాసంలో 300 గాయాలకు చికిత్స చేయగా 296 గాయాలు బాగుపడే దిశగా స్పందించాయని వ్రాశారు. ఈ రెండవ వ్యాసంలో సరిపోల్చడానికి సాధారణ కట్టు కట్టిన మరొక రోగుల సమూహం లేదు. ఈ లోపం తరువాతి చర్చలలో ముఖ్యమైనది.

వారి పరికరాన్ని కె.సి.ఐ. అనే సంస్థ వి.ఎ.సి. పేరుతో విక్రయించింది. 1995లో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో గాయపడిన సైనికులకు అమెరికా సైనిక వైద్యులు దీనిని విస్తృతంగా ఉపయోగించారు. 2019లో కె.సి.ఐ.ని 3ఎం సంస్థ కొనుగోలు చేసింది. 2024లో 3ఎం తన ఆరోగ్య విభాగాన్ని సోల్వెంటమ్ పేరుతో వేరు చేసినప్పుడు ఈ పరికరాలు కొత్త సంస్థకు చెందాయి.

పరికరం లోని భాగాలు

తయారీదారు ఎవరైనా ఈ పరికరంలో ఐదు భాగాలు ఉంటాయి.

* పూరకం: గాయం గుంటను నింపే పదార్థం. ఎక్కువగా నల్లని పాలీయూరిథేన్ స్పంజిని వాడతారు. దీని రంధ్రాలు 400 నుండి 600 మైక్రాన్లు, అనగా సుమారు అర మిల్లీమీటరు ఉంటాయి. సున్నితమైన చోట్ల, లోతైన సొరంగాల వంటి గాయాలలో తెల్లని పాలీవినైల్ ఆల్కహాల్ స్పంజిని గాని, తడిపిన గాజుగుడ్డను గాని వాడతారు.
* పొర: గాయాన్ని, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కప్పే పారదర్శకమైన అంటుకునే పొర.
* గొట్టం: పొరకు చేసిన చిన్న రంధ్రంపై అతికి, ద్రవాన్ని బయటకు తీసుకువెళుతుంది.
* డబ్బా: పీల్చిన ద్రవం చేరే పాత్ర.
* పంపు: విద్యుత్తుతో గాని, బ్యాటరీతో గాని పనిచేస్తూ, నిర్ణయించిన పీడనాన్ని నిలుపుతుంది. గాలి లీకైనా, గొట్టం మూసుకుపోయినా, డబ్బా నిండినా శబ్దం చేసి హెచ్చరిస్తుంది.

జేబులో పట్టేంత చిన్నవి, డబ్బా లేకుండా కట్టులోనే ద్రవాన్ని పీల్చుకొనేవి కూడా తరువాత వచ్చాయి. కుట్లు వేసి మూసిన గాయాలపై ముందుజాగ్రత్తగా వాడడానికి ఇవి అనువైనవి.

పనిచేసే తీరు

ఈ చికిత్స నాలుగు విధాలుగా పనిచేస్తుందని భావిస్తారు.

మొదటిది గాయం అంచులను దగ్గరకు లాగడం. పీడనం తగ్గగానే స్పంజి ముడుచుకుపోతుంది. దానితోపాటు గాయం అంచులు కూడా లోపలికి వస్తాయి. పొట్ట వంటి మెత్తని చోట ఇది ఎక్కువగా, తల వంటి ఎముక దగ్గరగా ఉన్న చోట తక్కువగా జరుగుతుంది.

రెండవది కణాలను సాగదీయడం. స్పంజి రంధ్రాలలోకి గాయం ఉపరితలం చిన్న చిన్న బుడిపెలుగా లాగబడుతుంది. ఇలా సాగిన కణాలు విభజన చెందడానికి, కొత్త రక్తనాళాలు పుట్టడానికి ప్రేరణ కలుగుతుంది. గాయం అడుగున ఎర్రగా, గరుకుగా కొత్త కండ పెరుగుతుంది. దీనిని గ్రాన్యులేషన్ కణజాలం అంటారు. చర్మపు అతుకు వేయాలంటే ముందు ఈ కండ ఏర్పడాలి.

మూడవది ద్రవాన్ని తొలగించడం. గాయం చుట్టూ చేరిన నీరు తగ్గితే వాపు తగ్గుతుంది, సన్నని రక్తనాళాలపై ఒత్తిడి తగ్గుతుంది.

నాలుగవది గాయాన్ని తేమగా, వెచ్చగా, బయటి మాలిన్యం సోకకుండా ఉంచడం. రోజుకు రెండు మూడు సార్లు కట్టు విప్పవలసిన పని ఉండదు.

ఈ చికిత్స గాయంలో సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గిస్తుందని 1997 నాటి వ్యాసంలో ఉన్నప్పటికీ, తరువాతి పరిశోధనలలో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. అదే విధంగా రక్తప్రసరణ విషయంలోనూ ఒక సందేహం ఉంది. స్పంజికి ఆనుకొని ఉన్న కణజాలం అదుముడుకు లోనవుతుంది కనుక అక్కడ ప్రసరణ తగ్గవచ్చునని తరువాతి ప్రయోగాలు సూచించాయి. అందుచేత కాలికి రక్తం సరిగా అందని రోగులలోను, కాలు చుట్టూ పూర్తిగా కట్టు చుట్టవలసి వచ్చినప్పుడును ఎక్కువ జాగ్రత్త అవసరం.

అమర్చే విధానం

మొదట గాయాన్ని శుభ్రపరచి, చచ్చిన కణజాలాన్ని కత్తిరించి తీసివేస్తారు. రక్తస్రావం పూర్తిగా ఆగిందని నిర్ధారించుకుంటారు. చుట్టూ ఉన్న చర్మాన్ని పొడిగా తుడుస్తారు. తరువాత స్పంజిని గాయం ఆకారానికి కత్తిరించి గుంటలో ఉంచుతారు. స్పంజిని గాయం మీద పట్టుకొని కత్తిరించరాదు, ఎందుకంటే తునకలు లోపల పడిపోతాయి. మంచి చర్మం మీద స్పంజి నేరుగా ఆనరాదు, ఆనితే ఆ చర్మం కూడా పుండవుతుంది. స్నాయువులు గాని, ఇతర సున్నితమైన భాగాలు గాని కనిపిస్తుంటే వాటికీ స్పంజికీ మధ్య అంటుకోని వలను పరుస్తారు.

ఎన్ని స్పంజి ముక్కలు పెట్టారో లెక్కపెట్టి, ఆ సంఖ్యను తేదీతో సహా పొర మీదనే వ్రాయడం మంచి పద్ధతి. కట్టు విప్పేవారు వేరొకరు కావచ్చు. వారికి ఆ సంఖ్య తెలియకపోతే ఒక ముక్క లోపలే ఉండిపోయి, పైన కండ పెరిగి, కొన్ని వారాల తరువాత చీము పడుతుంది.

పంపు వేయగానే స్పంజి గట్టిగా ముడుచుకోవాలి. మెత్తగానే ఉన్నా, సన్నని ఈల శబ్దం వస్తున్నా గాలి ఎక్కడో లీకవుతున్నట్లు లెక్క. సాధారణంగా కట్టును 48 నుండి 72 గంటలకు ఒకసారి మారుస్తారు. చీము పట్టిన గాయాలకు ఇంకా ముందుగానే మార్చాలి. పంపును నిరంతరంగా గాని, 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపుతూ గాని వాడవచ్చు. ఆపుతూ నడిపితే కండ త్వరగా పెరుగుతుందని జంతు ప్రయోగాలలో తేలినా, ప్రతిసారీ నొప్పి కలుగుతుంది కనుక మనుషులకు నిరంతర పద్ధతినే ఎక్కువగా వాడతారు.

కట్టు మార్చే సమయం రోగికి చాలా బాధాకరం. కొత్త కండ స్పంజి రంధ్రాలలోకి చొచ్చుకొని పెరగడమే దీనికి కారణం. ముందుగా నొప్పి మందు ఇవ్వడం, పంపు ఆపి స్పంజిని సెలైన్ నీటితో నానబెట్టి కొంతసేపు ఆగడం వలన బాధ తగ్గుతుంది.

ఏ గాయాలకు వాడతారు

* కాలి వేలు గాని, పాదంలో కొంత భాగం గాని తొలగించిన తరువాత మధుమేహ రోగులకు మిగిలే తెరచిన గాయాలు
* లోతైన పడక పుండ్లు
* ప్రమాదాలలో ఏర్పడిన పెద్ద గాయాలు, శస్త్రచికిత్సతో శుభ్రపరచిన తరువాత
* చర్మపు అతుకు వేసిన తరువాత ఆ అతుకు కదలకుండా, దాని క్రింద నీరు చేరకుండా అదిమి ఉంచడం
* గుండె శస్త్రచికిత్స తరువాత రొమ్ము ఎముక వద్ద లోతుగా చీము పట్టిన గాయాలు
* పొట్టలో వాపు వలన వెంటనే కుట్లు వేయలేక తెరచి ఉంచిన ఉదరం. దీనికి పేగులకు స్పంజి తగలకుండా ప్రత్యేకమైన పొర వాడతారు
* చీము పట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులలో కుట్లు వేసిన గాయాలు

కొన్ని పరికరాలు గాయంలోకి సెలైన్ వంటి ద్రవాన్ని వదలి, కొద్ది నిమిషాలు నిలిపి, తిరిగి పీల్చివేస్తాయి. జిగురుగా రసి ఊరే గాయాలకు ఈ పద్ధతిని వాడతారు.

వాడకూడని సందర్భాలు

* గాయంలో క్యాన్సరు ఉన్నప్పుడు. చూషణ వలన ఆ కణాలు కూడా పెరిగే ప్రమాదం ఉంది
* నల్లగా ఎండిన పొక్కుతో కూడిన చచ్చిన కణజాలం తొలగించకుండా ఉన్నప్పుడు
* ఎముకకు సోకిన చీముకు చికిత్స చేయనప్పుడు
* గాయంలో ఉన్న రంధ్రం ఎక్కడికి పోతుందో పరీక్షించి తెలుసుకోనప్పుడు
* రక్తనాళాలు, నరాలు, లోపలి అవయవాలు, రక్తనాళాలకు కుట్టు వేసిన చోటు బయటకు కనిపిస్తున్నప్పుడు

రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి, రక్తస్రావ వ్యాధులు ఉన్నవారికి వైద్యుని దగ్గరి పర్యవేక్షణలో మాత్రమే దీనిని వాడాలి. ఎం.ఆర్.ఐ. పరీక్షకు పంపును గదిలోకి తీసుకుపోరాదు. గుండెకు విద్యుత్ షాక్ ఇవ్వవలసి వచ్చినప్పుడు కట్టు అడ్డుగా ఉంటే తీసివేయాలి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ఈ చికిత్సలో అన్నిటికంటే తీవ్రమైన ప్రమాదం రక్తస్రావం. స్పంజికి అంటుకున్న రక్తనాళం కట్టు తీసేటప్పుడు తెగవచ్చు. చీము వలన బలహీనపడిన నాళం పగలవచ్చు. రొమ్ము ఎముక వద్ద ఈ చికిత్స జరుగుతుండగా గుండె కుడి జఠరిక చీలి ప్రాణాపాయం కలిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. పంపు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి కారిన రక్తాన్ని కూడా అది పీల్చివేస్తుంది.

2009 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ ఈ పరికరాల విషయమై ఒక హెచ్చరిక జారీ చేసింది. అంతకు ముందు రెండు సంవత్సరాలలో 6 మరణాలు, 77 గాయపడిన సంఘటనలు తమ దృష్టికి వచ్చినట్లు అందులో పేర్కొంది. 2011 ఫిబ్రవరిలో చేసిన తాజాకరణలో ఈ సంఖ్యలు 12 మరణాలు, 174 సంఘటనలకు చేరాయి. మరణాలలో ఎక్కువ భాగం ఆసుపత్రిలో కాక, ఇంటి వద్ద గాని, దీర్ఘకాల సంరక్షణ కేంద్రాలలో గాని జరిగాయి. పరికరం అదే అయినా, రక్తం కనిపించిన క్షణంలో ఏమి చేయాలో తెలిసినవారు పక్కన ఉన్నారా లేదా అన్నది ప్రాణాన్ని నిర్ణయించే విషయం అని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇంటికి పంపే ముందు రోగికి, చూసుకొనే కుటుంబ సభ్యులకు ఈ క్రింది విషయాలు చెప్పాలి.

* గొట్టంలో గాని, డబ్బాలో గాని ఎర్రని తాజా రక్తం హఠాత్తుగా కనిపిస్తే వెంటనే పంపు ఆపాలి. కట్టు విప్పరాదు. ఆ చోట గట్టిగా అదిమి పట్టి, తక్షణం వైద్య సహాయం కోరాలి.
* పంపును రోజుకు మొత్తం మీద రెండు గంటల కంటే ఎక్కువ సేపు ఆపి ఉంచరాదు. విద్యుత్తు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే మూసిన కట్టు క్రింద రసి నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అటువంటప్పుడు కట్టు తీయించి మామూలు కట్టు కట్టించుకోవాలి.
* జ్వరం, గాయం చుట్టూ ఎరుపు, దుర్వాసన, నొప్పి పెరగడం కనిపిస్తే తదుపరి కట్టు రోజు వరకు వేచి ఉండరాదు.
* హెచ్చరిక శబ్దం విసుగు కలిగిస్తున్నదని పంపును ఆపివేయరాదు.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి

ఈ చికిత్స ప్రచారం పొందినంత వేగంగా దానికి తగిన ఆధారాలు సమకూరలేదు. కొన్ని ముఖ్యమైన పరిశోధనల ఫలితాలు ఇవి.

2005లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో పాదంలో కొంత భాగం తొలగించిన 162 మంది మధుమేహ రోగులను రెండు సమూహాలుగా విభజించారు. 16 వారాలలో ఈ చికిత్స పొందినవారిలో 56 శాతం మందికి, మామూలు కట్టు కట్టినవారిలో 39 శాతం మందికి గాయం మానింది. అయితే 2020లో జర్మనీలో మధుమేహ పాద గాయాలపై సాధారణ చికిత్సా పరిస్థితులలో జరిపిన పరిశోధనలో ఇటువంటి ఆధిక్యత కనిపించలేదు.

2018లో బ్రిటన్‌లో ఎముక విరిగి బయటపడిన 460 మంది రోగులపై జరిపిన పరిశోధనలో, 12 నెలల తరువాత రోగుల వైకల్యం విషయంలో ఈ చికిత్సకూ మామూలు కట్టుకూ తేడా కనిపించలేదు. 2020లో అదే దేశంలో కాలి ఎముక విరిగి, శస్త్రచికిత్స చేసి కుట్లు వేసిన 1,548 మందిపై జరిపిన పరిశోధనలో 30 రోజులలో లోతుగా చీము పట్టడం రెండు సమూహాలలోను దాదాపు సమానంగా ఉంది. 2020లోనే పొట్టపై విడిపోయిన శస్త్రచికిత్స గాయాల విషయంలో జరిగిన మరొక పరిశోధనలో గాయం త్వరగా మూసుకున్నా, గాయానికి సంబంధించిన ఉపద్రవాలు కూడా ఎక్కువగా కనిపించాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన మార్గదర్శకాలలో, కుట్లు వేసి మూసిన గాయాలలో చీము పట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవాటికి ముందుజాగ్రత్తగా ఈ పద్ధతిని వాడవచ్చునని, అయితే అందుబాటులో ఉన్న వనరులను దృష్టిలో ఉంచుకోవాలని సూచించింది.

వీటన్నిటిని కలిపి చూస్తే, ఈ చికిత్స కొన్ని గాయాలకు ఉపయోగపడుతుంది గాని, ప్రతి గాయానికి మామూలు కట్టు కంటే మేలైనదని చెప్పలేము. కట్టు మార్చే పని తగ్గడం, రసి బట్టలకు అంటకపోవడం, వాసన లేకపోవడం వంటి సౌకర్యాలు రోగికి నిజమైన ఊరటే. గాయం మానడం మాత్రం అంతకు ముందు చేసిన శుద్ధి, రక్తప్రసరణ, చక్కెర అదుపు, పోషకాహారం పైననే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఖర్చు, ప్రత్యామ్నాయ పద్ధతులు

యంత్రం అద్దె, రెండు మూడు రోజులకు ఒకసారి మార్చవలసిన స్పంజి, పొర, డబ్బా కలిపి ఈ చికిత్స సామాన్యులకు భారమే. అందువలన ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణతో సహా భారతదేశంలోని అనేక ఆసుపత్రులలో వైద్యులు అందుబాటులో ఉన్న వస్తువులతోనే దీనిని అమరుస్తారు. శుద్ధి చేసిన స్పంజి లేదా గాజుగుడ్డ, ముక్కు ద్వారా ఆహారం ఇవ్వడానికి వాడే రైల్స్ ట్యూబు, అంటుకునే పారదర్శక పొర, వార్డు గోడకు ఉన్న సక్షన్ గొట్టం ఉంటే సరిపోతుంది. సూత్రం ఒక్కటే అయినా ఇందులో రెండు లోపాలు ఉన్నాయి. గోడ సక్షన్ పీడనం చాలా ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి దానిని నియంత్రించే మీటరు తప్పనిసరి. లీకైనప్పుడు, రక్తం వచ్చినప్పుడు హెచ్చరించే ఏర్పాటు ఉండదు కాబట్టి నర్సులు తరచు వచ్చి చూడాలి. పైగా రోగి మంచాన్ని వదలి నడవలేడు.

విద్యుత్తు అవసరం లేని పరికరాలు కూడా వచ్చాయి. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు రూపొందించిన, చేతితో నొక్కే ప్లాస్టిక్ తిత్తి పంపును 2010లో హైతీ భూకంప బాధితులపై ప్రయోగించి చూశారు.

2023లో ప్రచురించిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం భారతదేశంలో మధుమేహ రోగుల సంఖ్య సుమారు 10.1 కోట్లు. స్పర్శ కోల్పోయిన పాదానికి తగిలిన చిన్న గాయమే తరువాత కాలు తొలగించే వరకు వస్తుంది. పాదాన్ని ప్రతిరోజూ పరీక్షించుకోవడం, చెప్పులు లేకుండా నడవకపోవడం, పుండు కనిపించిన వెంటనే చూపించుకోవడం అనే జాగ్రత్తలకు ఏ యంత్రమూ ప్రత్యామ్నాయం కాదు.

ఇవి కూడా చూడండి

* గాయం
* మధుమేహం
* పడక పుండు
* చర్మపు అతుకు
* వాతావరణ పీడనం
* సుశ్రుత సంహిత